నలభై రెండో రోజు

"ఒందు తింగళల్లి మత్తె బర్తారె, నోడి."

ఈ మాట అన్నది నేనే. మూడేళ్ల కిందట, తాగుడు మాన్పించే మా సెంటర్ వరండాలో, మందుల ట్రే పట్టుకుని పోతున్న సిస్టర్‌తో. నెలలో మళ్ళీ వస్తాడు చూడండి అని. ఎవరి గురించి అన్నానో ఆయన అక్కడే వంగి చెప్పులు వేసుకుంటున్నాడు. ఆ రోజే డిశ్చార్జి. కదిరి వైపు మనిషి కదా, కన్నడం ఏం తెలుస్తుందిలే అనుకున్నాను. పదిహేనేళ్లుగా బెంగళూరులో సెంట్రింగ్ పని చేసే మేస్త్రీకి కన్నడం రాకుండా ఉంటుందా? ఆ మాత్రం ఆలోచన కూడా లేకపోయింది నాకు.

ఇరవై ఆరు రోజులకు వచ్చాడు. ఒళ్ళంతా చెమట, చేతుల్లో వణుకు, చొక్కా గుండీలు ఒకదాని బదులు ఒకటి పెట్టుకున్నాడు. అడ్మిషన్ కాగితం మీద వేలిముద్ర వేస్తూ నా వైపు చూసి నవ్వాడు.

"మీరు చెప్పినట్టే వచ్చినా మేడమ్. నాలుగు దినాలు ముందే."

నేను బెంగళూరులో తాగుడుకి, మత్తుమందులకి అలవాటు పడినవాళ్లకి కౌన్సెలర్‌గా పనిచేస్తూ పంతొమ్మిదేళ్లయింది. మాది మదనపల్లె. సెంటర్ చిన్నది, ఇరవై నాలుగు మంచాలు. హిందూపురం, కదిరి, పలమనేరు నుంచి వచ్చి ఇక్కడ పని చేసుకునేవాళ్లు, మారతహళ్లి పీజీల్లో ఉండే సాఫ్ట్‌వేర్ పిల్లలు, అందరూ "తెలుగు మేడమ్ ఉండాదా?" అని అడుగుతూ వస్తారు. ఎన్నో కథలు విన్నాను. కానీ చెప్పులు వేసుకుంటూ ఆ మనిషి నా మాట విన్నాడే, ఆ సంగతి తెలిసిన తర్వాతే నా పని నాకు కొంచెం అర్థమయింది. ఇది రాసేముందు ఆయన్ని అడిగాను. "పేరొద్దు, మేస్త్రీ అని రాయండి. బెంగళూరులో నా మాదిరి మేస్త్రీలు వెయ్యిమంది ఉంటారు" అన్నాడు. మిగతా గుర్తులు కొన్ని నేను మార్చాను.

అది ఆయనకి ఐదో అడ్మిషన్. మా దగ్గర ఇట్లాంటివాళ్లని "పాత కస్టమర్" అంటారు. ఆ మాట నేనూ అన్నదాన్నే.

మొదటి నాలుగైదు రోజులు కౌన్సెలర్‌కి పెద్దగా పని ఉండదు. రోజూ బాగా తాగే మనిషి ఉన్నట్టుండి మానేస్తే రెండో రోజు, మూడో రోజు గండం. వణుకుతో మొదలై ఫిట్స్ దాకా పోవచ్చు, లేని మనుషులు, లేని పురుగులు కనబడతాయి. మేస్త్రీకి దుప్పటి మీద చీమలు పాకుతున్నట్టుండేది. ఒక్కొక్కదాన్నీ ఏరి మంచం కిందికి వేస్తూ కూర్చునేవాడు. ఆ సమయంలో ఆయనకి కావాల్సింది డాక్టరు గారిచ్చే, వణుకు తగ్గించే లిబ్రియం, బి1 ఇంజెక్షను, నిద్ర. ఆశ గురించి ఉపన్యాసం కాదు. ఇళ్లల్లో భర్తని గదిలో పెట్టి తాళం వేసి మానిపిస్తామనేవాళ్లు ఈ ఒక్క సంగతి తెలుసుకుంటే చాలు. అది ప్రాణం మీదికి వచ్చే పని. డాక్టరు కళ్ల ముందే మానాలి.

ఆరో రోజు ఆయన భార్య వచ్చింది. సర్జాపుర రోడ్డులో ఒక అపార్ట్‌మెంట్‌లో నాలుగిళ్లలో పని చేస్తుంది. స్టీలు క్యారియర్ బల్ల మీద పెట్టి, కూర్చోకుండానే, "నాకు ఆశ లేదు మేడమ్. మీకుంటే మీరు చూసుకోండి" అని వెళ్లిపోయింది.

తెలుగులో ఆశ అనే మాటకి మొదటి నుంచీ కొంచెం మచ్చ ఉంది. ఆశపోతు అంటాం, పేరాశ అంటాం, ఆశ లావు పీక సన్నం అంటాం. ఎవరైనా ఆశపడ్డారంటే ఎక్కడో మోసపోబోతున్నారనే వినబడుతుంది. తాగేవాళ్ల ఇళ్లల్లో ఆ మాటకి ఇంకా చెడ్డపేరు. మా అమ్మనే తీసుకోండి. మా నాయన సారాయి తాగేవాడు. అమ్మ ఆయన్ని కాణిపాకం తీసుకుపోయి వినాయకుడి ముందు ప్రమాణం చేయించింది. మా చిత్తూరు జిల్లాలో అది పెద్ద కోర్టు, అక్కడ అబద్ధమాడితే అంతే. నాయన ఐదు నెలలు నిలబడ్డాడు. తర్వాత మళ్ళీ మొదలు. మళ్ళీ కాణిపాకం. మొత్తం మూడుసార్లు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించారని పేపర్లో వస్తే, ఆ పేపరు ముక్క అమ్మ బియ్యం డబ్బాలో దాచుకుంది. 1995 జనవరిలో రాష్ట్రమంతా మద్యనిషేధం వచ్చిన రోజు పొంగలి పెట్టింది. మా నాయనకి కర్ణాటక బార్డర్ గంట దూరం కూడా కాదు. బస్సెక్కి పోయి తాగి, ఆఖరి బస్సుకి వచ్చేవాడు. టికెట్ ఖర్చు అదనం, అంతే తేడా. 1997లో నిషేధం పోయింది. అమ్మ ఆ పేపరు ముక్క ఎప్పుడు పారేసిందో నాకు తెలియదు, డబ్బాలో మాత్రం మళ్ళీ కనబడలేదు.

కాబట్టి "నాకు ఆశ లేదు" అని ఆమె అంటే నేను కాదనలేదు. ఆమెకి ఆశ పుట్టించడం నా పని కూడా కాదు. తర్వాత రెండుసార్లు మాట్లాడాను. ఆమె పేరు మీద వేరే ఖాతా తెరవమన్నాను, పిల్ల ఫీజు డబ్బులు అందులో వేయమన్నాను, ఆయన తాగొచ్చిన రాత్రి తలుపు తీయాలా వద్దా అనేది ఆమె ఇష్టమని చెప్పాను. పదిహేనేళ్లు ఆశపడి అలిసిపోయిన మనిషి కొన్నాళ్లు ఆశ లేకుండా ఉంటేనే నయం.

అసలు కష్టం నాతోనే వచ్చింది. ఆమె ఆశ వదిలేసింది సరే, నేనెందుకు వదిలేశాను?

చాలా ఏళ్ల కిందట ఒక ట్రైనింగ్‌లో విన్న సంగతి అప్పుడు మళ్ళీ వెతికి చదివాను. 1977లో లీక్, కింగ్ అనే ఇద్దరు అమెరికాలో తాగుడు మాన్పించే మూడు కేంద్రాల్లో ఒక ప్రయోగం చేశారు. పేషెంట్లకి పరీక్షలు పెట్టాం, ఇదిగో వీళ్లు బాగుపడే లక్షణాలున్నవాళ్లు అని అక్కడి కౌన్సెలర్లకి కొన్ని పేర్లిచ్చారు. నిజానికి ఆ పేర్లు చీటీలు తీసినట్టు తీసినవే. డిశ్చార్జి నాటికి కౌన్సెలర్లు వాళ్లకే ఎక్కువ మార్కులేశారు. అంతవరకైతే కళ్లకు కట్టిన గంతలు అనుకోవచ్చు. కానీ ఏడాది తర్వాత చూస్తే, తాగకుండా నిలబడినవాళ్లు వాళ్లలోనే ఎక్కువమంది ఉన్నారు. పేషెంట్లలో తేడా లేదు. తేడా అంతా బల్లకి ఇవతల కూర్చున్న మనిషి తలలో ఉంది.

అది చదివి ఆ రాత్రి నిద్ర పట్టలేదంటే అతిశయోక్తి. పట్టింది. కానీ మర్నాడు పాత ఫైళ్లు తీసి నా చేతిరాత చూసుకున్నాను. "ప్రేరణ తక్కువ." "సహకరించడు." "మళ్ళీ తాగే అవకాశం ఎక్కువ." మేస్త్రీ నాలుగు ఫైళ్లలోనూ నేను రాసింది ఇంచుమించు ఇదే. ఆయన ఏం చేయగలడో ఒక్క ముక్క లేదు. ఒక అపార్ట్‌మెంట్ స్లాబుకి ఎన్ని జాకీలు కావాలో కాగితం లేకుండా చెప్పే మనిషి గురించి!

ఇంకొకటి కూడా ఉంది. 2019లో కేంద్ర ప్రభుత్వం ఎయిమ్స్ వాళ్ల చేత చేయించిన సర్వే బయటికొచ్చింది. తాగుడుకి పూర్తిగా బానిసైనవాళ్లలో ఏదో ఒక సాయం దొరికింది ముప్పై ఎనిమిది మందిలో ఒక్కరికేనట. మా పాత కస్టమర్ ఐదోసారి వచ్చాడంటే, మిగతా ముప్పై ఏడు మంది ఒక్కసారి కూడా రాని చోటికి ఈయన ఐదుసార్లు నడుచుకుంటూ వచ్చాడన్నమాట. నేను అదే అంకెని ఇన్నేళ్లు తలకిందులుగా చదివాను.

ఆ మధ్యాహ్నం ఆయన్ని పిలిచాను. ముందు క్షమాపణ చెప్పాను. ఆయనకది ఇబ్బందిగా ఉంది, "అయ్యో, వదిలేయండి మేడమ్" అని కిటికీ వైపు చూశాడు. తర్వాత అడిగాను.

"మేస్త్రీ, పెళ్లయినప్పటి నుంచి ఎప్పుడైనా తాగకుండా ఉన్నావా?"

"లే మేడమ్."

"ఒక్క నెలన్నా?"

కాసేపు ఆలోచించాడు. "మాలేసినప్పుడు ఉంటి. అయ్యప్ప మాల. మూడు తూర్లు వేసినా."

"నలభై ఒక్క రోజులూ?"

"అందులో తప్పితే ఇంకేముంది మేడమ్? ఒక్క చుక్క లే."

మూడు నలభై ఒకట్లు నూట ఇరవై మూడు. ఐదు అడ్మిషన్లలో ఏ ఫైలులోనూ ఈ నూట ఇరవై మూడు రోజులు లేవు. ఎందుకంటే మా ఫారంలో "ఎంత తాగుతారు, ఎన్నేళ్లుగా తాగుతారు" అనే గడులున్నాయి గానీ "ఎప్పుడు తాగలేదు" అనే గడి లేదు.

"ఎట్లా ఉన్నావు?" అన్నాను.

"దేవుడు."

దేవుడు సరే, ఇంకా ఏమిటి అని గుచ్చి గుచ్చి అడిగాను. అప్పుడు బయటికొచ్చింది. పొద్దున నాలుగింటికి లేచి చన్నీళ్లు. సాయంత్రం పని దిగితే నేరుగా సైటు వెనకాల పందిరి, భజన, పదిమందితో కలిసి భిక్ష. తాగబుద్ధయ్యే ఆరు నుంచి ఎనిమిది దాకా ఒంటరిగా ఉన్నదే లేదు. శనివారం బట్వాడా డబ్బు గురుస్వామి చేతికి. చాప మీద పడక. అన్నీ చెప్పి, చివరికి గొంతు తగ్గించి అన్నాడు:

"ఆ నలభై ఒక్క దినాలు అందరూ నన్ను స్వామీ అంటారు మేడమ్. ఇంజనీరు కూడా. ఒక్కడు రేయ్ అనడు. మా ఆడది కూడా స్వామీ అనే అంటుంది."

మనసుంటే మార్గముంటుందని మనకొక సామెత. కాన్సాస్ విశ్వవిద్యాలయంలో స్నైడర్ అనే మానసిక శాస్త్రవేత్త ఆశ మీద చాలా ఏళ్లు పనిచేశాడు. 1991లో ఆయన, ఆయన సహచరులు ఆశని కొలిచే ప్రశ్నావళి ఒకటి తయారుచేశారు. అందులో మనసుకి నాలుగు ప్రశ్నలు, మార్గానికి నాలుగు ప్రశ్నలు వేరువేరుగా ఉంటాయి. నేను చేయగలను అనుకోవడం ఒకటి, ఎట్లా చేయాలో దోవ కనబడటం ఇంకొకటి. రెండూ ఉంటేనే ఆయన లెక్కలో అది ఆశ. నాకు ఇది మన సామెత కంటే నిజమనిపిస్తుంది. మేస్త్రీకి మనసు ప్రతిసారీ ఉంది, లేకుంటే ఐదుసార్లు ఎందుకొస్తాడు? దోవే లేదు. ఆ దోవ మూడుసార్లు ఆయన కాళ్ల కిందే ఉండింది, దాన్ని దేవుడి ఖాతాలో వేసి ఊరుకున్నాడు.

"మరి మాల తీసిన రోజు?"

నవ్వేశాడు. "కొండ దిగి, సేలం దాటేలోపల మొదలు మేడమ్. ఆ దినం కోసమే లెక్క పెట్టుకుంటా ఉంటాం."

అక్కడుంది తిరకాసు. నలభై ఒక్క రోజులూ ఆయన ఆశ పెట్టుకున్నది మానడం మీద కాదు, నలభై రెండో రోజు మీద. నిజం చెప్పాలంటే అదీ ఆశే, మంచి గట్టి ఆశ. కాబట్టి మేం మాట్లాడుకోవాల్సింది ఆ ఒక్క రోజు గురించి.

కాగితం మీద రాసుకున్నాం. ఆయనకి చదువు రాదు, బొమ్మలు గీశాను. సాయంత్రం ఆరు గంటలు: భజన పందిరి ఏడాదంతా ఉండదు కాబట్టి ఏ.ఏ. మీటింగ్, అంటే ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుండే గుంపు. ఒక చర్చి వెనక గదిలో జరుగుతుంది, కన్నడం, తమిళం, తెలుగు కలగాపులగం. మొదట ఒప్పుకోలేదు. "చర్చికి నేనెందుకు పోతా?" అన్నాడు. అప్పుడు ఆయనకి దాని కథ చెప్పాను. 1935లో అమెరికాలో బిల్ విల్సన్ అని ఒకాయన, అప్పటికి కొన్ని నెలలుగా మానేసినవాడు, పని మీద ఆక్రన్ అనే ఊరికి పోయాడు. పని చెడిపోయింది. హోటల్లో ఒక పక్క బార్, జనం నవ్వులు. ఇంకో పక్క ఫోన్. బార్ వైపు పోకుండా, ఈ ఊళ్లో మాట్లాడటానికి ఇంకో తాగుబోతు ఎవరైనా దొరుకుతాడా అని ఫోన్లు చేశాడు. అట్లా దొరికినవాడు డాక్టర్ బాబ్. ఆ ఏడాది జూన్ 10న డాక్టర్ బాబ్ ఆఖరి గ్లాసు తాగాడు, ఆ తేదీనే ఏ.ఏ. పుట్టినరోజు అంటారు. మేస్త్రీ అంతా విని, "ఆ పొద్దు ఫోన్ ఎత్తకుండా ఉంటే?" అన్నాడు. నేనెప్పుడూ ఆలోచించని ప్రశ్న.

డబ్బు: బట్వాడా నేరుగా భార్య ఫోన్‌పేకి. దీనికి మాత్రం రెండు రోజులు కొట్లాడాడు. చివరికి, "గురుస్వామికిస్తే తప్పు లేదు గానీ ఆడదానికిస్తే తప్పా?" అని మా వార్డుబాయ్ అడిగితే తలొంచాడు. నా డిగ్రీలన్నీ ఆ ఒక్క ప్రశ్న ముందు దండగ.

ఇక్కడ ఇంకో ఆశ గురించి చెప్పాలి, అమ్ముడుపోయే రకం. బస్‌స్టాండు గోడల మీద, ఆటోల వెనక చూస్తుంటారు కదా, "వారికి తెలియకుండానే తాగుడు మాన్పించబడును" అని. మేస్త్రీ భార్య మూడో అడ్మిషన్ ముందు ఎవరి దగ్గరో పొడి కొని రాగి సంగటిలో కలిపింది. ఆ రాత్రి ఆయన క్వార్టర్ తాగొచ్చాడు. ముఖం కందగడ్డ, వాంతులు, గుండె దడ. పొట్లంలో ఏముందో ఎవరికీ తెలియదు. డైసల్ఫిరామ్ అనే మందు ఇట్లాగే పనిచేస్తుంది. మద్యం ఒంట్లో అరిగేటప్పుడు మధ్యలో తయారయ్యే విషాన్ని ఇది అరగనివ్వదు, అది రక్తంలో పేరుకుంటుంది. 1940లలో డెన్మార్క్‌లో బయటపడింది. మంచి మందే, మా డాక్టరు గారూ రాస్తారు. అయితే మనిషికి చెప్పి, ఒప్పుకుంటేనే. ఆ మాత్ర వేసుకోవడం ఆపేసిన తర్వాత కూడా రెండు వారాల దాకా ఒంట్లో దాని పని ఉంటుంది, తెలియక తాగితే బీపీ పడిపోయి ప్రాణం పోవచ్చు. ప్రమాదం అటుంచండి, నాకు ఆ ప్రకటనలో "తెలియకుండానే" అన్న మాట మీద కోపం. మానినట్టు తనకే తెలియని మనిషి దేన్ని చూసుకుని రేపు నిలబడతాడు?

డిశ్చార్జి రోజు వరండాలో నేనేమీ అనలేదు. ఏ భాషలోనూ.

నలభై ఏడో రోజు రాత్రి తొమ్మిదిన్నరకి ఫోన్. "అక్కా" అన్నాడు. అప్పటిదాకా మేడమ్. గొంతు వినగానే తెలిసిపోయింది.

"ఒక టెట్రా తాగినా అక్కా. అంతా పాయె."

సైటులో స్లాబు వేయడం అయిందట, కాంట్రాక్టరు అందరికీ పంచాడట. ఈ "అంతా పాయె" ఉంది చూశారూ, అది తొంభై మిల్లీల ఆ మందు ప్యాకెట్ కంటే ప్రమాదం. మార్లాట్ అనే ఆయన మళ్ళీ తాగడం మొదలుపెట్టేవాళ్ల మీద 1980లలో రాసినదాంట్లో ఇదొక ముఖ్యమైన సంగతి. మొదటి గ్లాసు పెద్దగా పడగొట్టదు. ఒక గ్లాసు తాగాక, నేనింతే, నా బతుకింతే అనుకుంటాడు చూడండి, ఆ మాటే సీసా దాకా తీసుకుపోతుంది.

"రెండోది ఉందా చేతిలో?"

"ఉండాది. జోబిలో."

"ఎంతసేపయింది?"

"గంటన్నర."

"గంటన్నరగా జోబిలో పెట్టుకుని తాగలేదా? ఎట్లా ఉన్నావు మేస్త్రీ?"

ఫోన్లో కాసేపు లారీల చప్పుడు. తర్వాత, "మీకు ఫోన్ చేయాలని సిగ్నల్ కోసం తిరగతా ఉన్న్యా" అన్నాడు. నేను నవ్వాను. ఆయనా నవ్వాడు. రెండో టెట్రా కాలవలో పోశాడో లేదో నేను చూడలేదు. పోశానన్నాడు. మర్నాడు సాయంత్రం చర్చి గదిలో కూర్చున్నాడని మాత్రం అక్కడి పెద్దాయన చెప్పాడు.

ఆ తర్వాత మేస్త్రీకి ఆరో అడ్మిషన్ కూడా ఉంది. దాచను. పోయినేడాది తల్లి చచ్చిపోయినప్పుడు ఊరికి పోయి పదకొండు రోజులు తాగాడు. పన్నెండో రోజు తనే బస్సెక్కి వచ్చి మా గేటు దగ్గర నిలబడ్డాడు. అంతకుముందు ఐదుసార్లూ ఎవరో ఒకరు తోడు వచ్చినవే. కొత్తగా చేరిన కౌన్సెలర్ అమ్మాయి నా దగ్గరికొచ్చి, "మేడమ్, పాత కస్టమర్ మళ్ళీ…" అనబోయింది. ఆ అమ్మాయిని కూర్చోబెట్టి చెప్పుల స్టాండు కథ చెప్పాను. నాకు ఇష్టమైన కథేమీ కాదు. అయినా చెబుతుంటాను.

అందరూ మేస్త్రీలు కాదు. పోయిన జూన్‌లో ఒక సాఫ్ట్‌వేర్ అబ్బాయి, ఇరవై తొమ్మిదేళ్లు, లివర్ పోయి చనిపోయాడు. వాడి ఫైలులో కూడా నేను అన్నీ మంచి మాటలే రాశాను. దాని గురించి ఇప్పుడు రాయలేను.

దగ్గర్లో సెంటరు లేనివాళ్లు, ముందు ఎవరితోనైనా మాట్లాడితే చాలు అనుకునేవాళ్లు 14416కి చేయండి. టెలి మానస్, ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు.

ఈ కార్తీకంలో మేస్త్రీ మళ్ళీ మాల వేసుకున్నాడు. నాలుగోసారి. ఇరుముడి కట్టే రోజు నన్ను రమ్మన్నాడు, పోయాను. భార్య నాకు పులిహోర పెట్టి, ఆయన వైపు తల ఊపి, "స్వామి పోయినాక మాట్లాడుకుందాం" అంది. ఆమెకి ఆశ వచ్చిందో లేదో అడగలేదు. ఖాతా మాత్రం వేరేగానే ఉందని చెప్పింది.

కొండ నుంచి తిరిగొచ్చే బస్సు సాయంత్రం నాలుగున్నరకి మడివాళలో దింపుతుంది. మాల తీసేది సైటు పక్క గుడిలో. ఆ రోజు నాకు పొద్దుటి డ్యూటీ పడింది, సిస్టర్‌తో సాయంత్రానికి మార్చుకున్నాను. ఆరింటికి సెంటర్‌కి వస్తానన్నాడు. వార్డులో ఉన్న కదిరి కుర్రాడొకడు ఈయనతో మాట్లాడాలంటున్నాడు, వాడికది రెండో అడ్మిషన్. రాగి సంగటి, పప్పు చేయమని వంటామెకి చెప్పి పెట్టాను.